మీ ఊరి చర్చి చరిత్ర దొర దగ్గర మొదలవలేదు

కనిగిరి దగ్గర పల్లెలో తెలుగు బాప్టిస్టు చర్చి, వచ్చే ఏడాది నూరేళ్ల పండుగ, సావనీర్‌లో చరిత్ర రాసే పని మీ మీద పడింది, చేతిలో ఉన్నదల్లా పునాది రాయి మీది సంవత్సరం, ఒక మిషనరీ దొర పేరు. "ఇంతకు మించి ఏమీ దొరకడం లేదు, రెండు పేజీలైనా ఎలా నింపాలి?" అని అడిగారు. టెన్షన్ పడకండి. ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో చాలా సంఘాలకు ఇలాంటి చరిత్రలు రాయడంలో సాయం చేశాను, సరిగ్గా వెతికితే రెండు పేజీలు సరిపోని పరిస్థితి వస్తుంది. కాకపోతే వెతకాల్సిన చోటు వేరే ఉంది, అది చెప్పడానికే ఇంత పెద్దగా రాస్తున్నాను.

ముందు ఆ రాయి సంగతి. దాని మీద ఉన్నది గోడలు లేచిన ఏడాది. సంఘం అంతకు ఎన్నో ఏళ్ల ముందే పుట్టి ఉంటుంది. మన వైపు పల్లెల్లో మొదట చర్చి అంటే పల్లె చివర ఒక తాటాకు పాక, వారమంతా అందులో బడి, ఆదివారం అందులోనే ఆరాధన, బడిపంతులే బోధకుడు. గాలివానకు పాక పడిపోతే మళ్లీ వేసుకునేవాళ్లు. ఒక తరం గడిచాక నాలుగు డబ్బులు కూడబెట్టుకుని, మిషన్ నుంచి కొంత సాయం తెచ్చుకుని, రాతి గోడలో ఇటుక గోడలో లేపి, శంకుస్థాపనకు దొరను పిలిచి ఆయన పేరు చెక్కించారు. ఆ దొర ఒక పూట వచ్చి ప్రార్థన చేసి వెళ్లి ఉండవచ్చు. ఆయన పేరు రాయి మీద మిగిలింది, పాక వేసినవాళ్ల పేర్లు మిగల్లేదు. మీ పని ఆ రెండో పేర్లు పట్టుకోవడం.

మీది బాప్టిస్టు సంఘం కాబట్టి మీ కథ ఒంగోలు కథలో భాగం. అమెరికన్ బాప్టిస్టులు తెలుగు దేశానికి వచ్చింది 1836లో, శామ్యూల్ డే అనే ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. తర్వాత చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ చేరలేదు, ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో పదే పదే చర్చ జరిగింది. మ్యాపు మీద ఒంటరిగా ఉన్న చుక్క అని దీనికి "లోన్ స్టార్" అనే పేరు కూడా పడింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారని, దాన్నే ఇప్పుడు ప్రార్థన కొండ అంటున్నామని మీకు తెలిసే ఉంటుంది, ప్రతి కొత్త సంవత్సరం ప్రసంగంలో వింటాం. ఆ ఉదయం కొండ మీద ఉన్నది అయిదుగురు. జూవెట్ దంపతులతో పాటు నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు మనవాళ్లు. ఈ ముగ్గురి పేర్లు ఏ ప్రసంగంలోనైనా విన్నారా? అయిదుగురిలో ముగ్గురు, అంటే సగం కంటే ఎక్కువమంది, కథలోంచి జారిపోయారు. మన సంఘ చరిత్రలన్నిటికీ ఉన్న జబ్బు ఇదే.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబర్‌లో. సావనీర్లు చదివితే అక్కడి నుంచి అన్నీ ఆయనే చేసినట్టుంటుంది. నిజానికి అసలు కదలిక ఎర్రగుంట్ల పేరయ్యతో వచ్చింది. ఒంగోలుకు పడమరగా 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు ఆయనది, తోలు పని చేసే మాదిగ కుటుంబం. అప్పటికే ఆయన రాజయోగం నేర్చుకున్నవాడు, చుట్టుపక్కల పల్లెల్లో ఆయన్ని గురువుగా చూసేవాళ్లు ఉన్నారు. పని మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు ఏలూరు దగ్గర క్రీస్తు గురించి విన్నాడు. ఒంగోలుకు దొరలు వస్తున్నారని తెలిసి తనే వెతుక్కుంటూ వచ్చి 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్తే అక్కడ పేరయ్య చుట్టూ ఒక గుంపు సిద్ధంగా కూర్చుని ఉంది, 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లారో, ఎవరు ఎవరిని పిలిచారో గమనించండి. పేరయ్య తన బంధువుల ఊళ్లకు, తన శిష్యుల ఊళ్లకు, వియ్యంకుల ఊళ్లకు వెళ్లి చెప్పాడు, ఆ దారి వెంబడే సంఘాలు పుట్టాయి. మీ ఊళ్లో మొదట నమ్మిన కుటుంబానికి వియ్యం, బంధుత్వం ఏ ఊళ్లతో ఉందో రాసి పెట్టుకుంటే, సువార్త మీ ఊరికి ఏ వైపు నుంచి వచ్చిందో సగం తేలిపోతుంది.

ఇందులో ఇంకో మలుపు ఉంది. క్లౌ ఒంగోలులో బడి పెట్టినప్పుడు పై కులాల పిల్లలు చేరారు. మాదిగలు చేరడం మొదలుపెట్టాక, వాళ్లను తీసుకుంటే మేం వెళ్లిపోతామని ఆ పిల్లలు చెప్పేశారు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గరే తెరుచుకుందని క్లౌ తర్వాత రాసుకున్నారు, లోకం లెక్కచేయని వాళ్లను దేవుడు ఎంచుకున్నాడని చెప్పే భాగం అది. పై కులాల పిల్లలు బడి విడిచి వెళ్లారు, మాదిగలు ఉన్నారు. ఆ రోజు వేరే నిర్ణయం తీసుకుని ఉంటే మీ ఊళ్లో ఇవాళ ఈ చర్చి ఉండేది కాదు.

చేరినవాళ్లకు మూడు షరతులు పెట్టారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవిగా ఉంటాయి గానీ ఆ రోజుల్లో ఊరి కట్టుబాటు మొత్తం వీటి మీదే నిలబడి ఉంది. జాతరలో డప్పు ఎవరు కొట్టాలి? చచ్చిన పశువును ఎవరు లాగాలి, ఆదివారం కోతకు ఎవరు రావాలి? ఇవి మాదిగల మీద పెట్టిన చాకిరీలు. "మేం డప్పు కొట్టం" అన్న రోజున ఊరి పెద్దలు పని ఆపారు, గింజలు ఆపారు, నీళ్ల దగ్గరికి రానివ్వలేదు, దెబ్బలు కొట్టారు, దొంగ కేసులు పెట్టారు. మీ ఊళ్లో కూడా ఇలాంటి ఘట్టం కచ్చితంగా ఉంటుంది. ముసలివాళ్లను "చర్చి ఎప్పుడు కట్టారు" అని అడిగితే గుర్తు లేదంటారు, "డప్పు ఎప్పుడు మానేశారు, అప్పుడు ఊళ్లో ఏమైంది" అని అడగండి, రెండు గంటలు చెప్తారు. సావనీర్‌లో దాన్ని రాయడానికి సంఘ పెద్దలు జంకుతారు, ఊళ్లో ఇప్పుడు అందరితో బాగున్నాం కదా అంటారు. ఇవాళ్టి కుటుంబాల పేర్లు పెట్టకుండానే జరిగింది జరిగినట్టు రాయొచ్చు. దాన్ని వదిలేస్తే మీ తాతలు పడ్డ కష్టానికి విలువ లేకుండా పోతుంది.

కరువు గురించి కూడా అడిగారు. "కరువులో గింజల కోసం మతం మారారు" అని మీ ఫ్రెండ్ అన్నారట, దానికి ఏం చెప్పాలని. 1876-78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టింది, లక్షల మంది చనిపోయారు. కుర్రతనంలో సర్వే పని చేసి ఉన్న క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని కరువు బాధితులకు కూలి ఇప్పించారు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పనికి వచ్చినవాళ్లు సాయంత్రాలు ఆ బోధకుల దగ్గర కూర్చుని విన్నారు. కానీ కరువు పని నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశారు, ఎవరూ కూలి కోసం చేరారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక 1878లో జనం విరగబడ్డారు. జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్ని పుస్తకాల్లోనూ ఈ అంకె ఉంటుంది. ఆ నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున మారుతూ. ఆ ముక్క మాత్రం పుస్తకాల్లో ఒక వాక్యంలో అయిపోతుంది.

కాబట్టి మీ ఫ్రెండ్‌కు నా జవాబు: కరువుకు పదేళ్ల ముందే ఈ కదలిక మొదలైంది, అప్పుడు చేరినవాళ్లకు దెబ్బలు తప్ప గింజలు దొరకలేదు. కరువు ప్రభావం లేదని నేను అనను, ఊరు తమను ఆకలికి వదిలేసినప్పుడు ఎవరు మనిషిగా చూశారో జనం గుర్తుపెట్టుకున్నారు, అది చాలా పెద్ద ప్రభావం. అయితే ఒక మనిషి ఆకలి, ఆత్మగౌరవం, నమ్మకం విడివిడి డబ్బాల్లో ఉండవు. వాటిని విడదీసి ఆకలి ఒక్కటే అసలు కారణమని తేల్చేవాళ్లు ఆ మనుషులకు ఆలోచన లేదని అంటున్నట్టే, దాన్ని నేను ఒప్పుకోను.

ఇది ఒక్క ఒంగోలు తీరు మాత్రమే కాదు. కృష్ణా జిల్లా వైపు చర్చి మిషనరీ సొసైటీ వాళ్ల పని 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లతో మొదలైంది. ఇంగ్లిషు బడి ద్వారా పై కులాలవాళ్లు వస్తారని చూశారు, కొద్దిమందే వచ్చారు. పల్లెల్లో కదలిక వచ్చింది రాఘవాపురం పగోలు వెంకయ్య అనే మాల పెద్ద వల్ల, ఆయనే దేవుణ్ణి వెతుక్కుంటూ తిరిగి బెజవాడలో డార్లింగ్ దొర దగ్గరికి వెళ్లి 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ 1874లో మొదలైందని రాస్తారు, అంతకు ముందే అక్కడ పని మొదలుపెట్టి కెనడా వాళ్లను రమ్మని పిలిచింది థామస్ గేబ్రియల్ అనే మన మనిషి. ఇంకా వెనక్కి వెళ్తే, విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషన్ వాళ్లు సువార్తలను తెలుగులోకి తెచ్చారంటే పక్కన ఆనందరాయర్ అనే పండితుడు ఉన్నాడు కాబట్టే. డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రి ఇసబెల్ కెర్ దొరసాని పేరు మీదే తెలుసు అందరికీ, 1915లో అది నిలబడటానికి విరాళం ఇచ్చింది రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. ఎక్కడ తవ్వినా మన మనిషి ఒకరు ముందే నిలబడి ఉంటారు.

ఇక పని ఎలా చేయాలో చెప్తాను. ముందు రిజిస్టర్లు. బాప్తిస్మ రిజిస్టర్ పాస్టర్ గారి ఇంట్లోనో, ఫీల్డ్ (మిషన్ వాళ్లు కొన్ని ఊళ్లను కలిపి పెట్టుకున్న విభాగం) ఆఫీసులోనో, చనిపోయిన పాత పాస్టర్ గారి పిల్లల ఇంట్లో ట్రంకు పెట్టెలోనో ఉంటుంది. బాప్టిస్టుల్లో పసిపిల్లలకు బాప్తిస్మం లేదు కాబట్టి పుట్టిన తేదీలు దొరకవు, లూథరన్, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో అయితే దొరుకుతాయి. ఇచ్చినవాళ్ల పేరు గడి చూడండి, అక్కడ దొర పేరు కంటే మన బోధకుల పేర్లే ఎక్కువ కనిపిస్తాయి. పెళ్లి రిజిస్టర్ ఇంకా గట్టి ఆధారం, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం నకళ్లు ప్రభుత్వానికి పంపాలి, అందుకని సంఘంలో పోయినా అక్కడ దొరికే అవకాశం ఉంటుంది. ఫోన్‌తో ఫొటోలు తీసేటప్పుడు ప్రతి పేజీ తీయండి, అట్ట కూడా తీయండి. పాత కాగితాన్ని లామినేషన్ మాత్రం చేయించొద్దు, కాగితం పాడైపోతుంది, మళ్లీ ఊడదీయలేం.

తర్వాత స్థలం కాగితాలు. తహశీల్దార్ ఆఫీసులో ఫెయిర్ అడంగల్, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ అనే పాత భూమి రికార్డులు చూడమనండి, చర్చి స్థలం ఏ పేరు మీద ఉందో తెలుస్తుంది. ఒక చిన్న కిటుకు: మీ మిషన్‌కు 1910 దాకా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్ అని పేరు, ఆ తర్వాత అమెరికన్ బాప్టిస్టు ఫారిన్ మిషన్ సొసైటీ. దస్తావేజులో యూనియన్ అని ఉంటే స్థలం 1910కి ముందే తీసుకున్నట్టు, అంటే మీ నూరేళ్ల లెక్క కాస్త వెనక్కి జరగాలి. అలాగే సి.ఎస్.ఐ. సంఘాలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పేరు పుట్టిందే 1947 సెప్టెంబర్ 27న, అంతకు ముందు మీ ఊరు ఏ మిషన్ కింద ఉండేదో కనుక్కోండి, కాగితాలు ఆ మిషన్ దగ్గరే ఉంటాయి. చర్చి మిషనరీ సొసైటీవి బర్మింగ్‌హాం యూనివర్సిటీలో, లండన్ మిషన్, మెథడిస్టులవి లండన్‌లోని సోయస్ (SOAS) యూనివర్సిటీలో, మీ బాప్టిస్టులవి అట్లాంటాలో మెర్సర్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. ఈమెయిల్ రాసేటప్పుడు ఊరి పేరు ఇప్పటి స్పెల్లింగ్‌తో పాటు పాత స్పెల్లింగులు కూడా రాయండి, వాళ్ల కేటలాగులో తాళ్లకొండపాడు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. క్లౌ గారి రెండో భార్య ఎమ్మా ఒంగోలు మాదిగ పెద్దల మాటలు విని 1899లో పుస్తకంగా వేశారు, పేరయ్య సంగతులు చాలావరకు అక్కడివే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది.

కానీ అట్లాంటా కంటే ముందు మీ పల్లెలో ఉన్న 80 ఏళ్ల అవ్వల దగ్గరికి వెళ్లండి. ఈ పని మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. మగవాళ్లను అడిగితే కమిటీలు, ఎలక్షన్లు, ఎవరు సెక్రటరీ అయ్యారో చెప్తారు. ఆడవాళ్లను అడిగితే సంఘం ఎలా బతికిందో చెప్తారు. అన్నం వండేటప్పుడు తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యం, వారం చివర వాటిని పోగుచేసి బోధకుడి ఇంటికి పంపడం, కోతల పండుగకు తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, వేలంపాట, క్రిస్మస్ ముందు గోడలకు సున్నం. నెల జీతం సరిగ్గా రాని బోధకుడి కుటుంబాన్ని ఆ పిడికెడు బియ్యమే నిలబెట్టింది. బైబిల్ ఉమెన్ గురించి కూడా ప్రత్యేకంగా అడగండి, ఇల్లిల్లూ తిరిగి చదువు చెప్పి, కాన్పుల దగ్గర తోడుండి, చనిపోయాక ఎక్కడా ఫొటో కూడా లేని మనుషులు వాళ్లు. మొదటి బడిపంతులు ఎవరు, ఆయన్ని రామాయపట్నం సెమినరీలో చదివించారా, ఆయన దగ్గర అక్షరాలు నేర్చుకున్నవాళ్లలో మొదట ఉద్యోగం ఎవరికి వచ్చింది అని అడగండి. ఒక పాకబడిలోంచి టీచర్లు, నర్సులు, రైల్వే ఉద్యోగులు ఎలా బయటికి వచ్చారో ఒక పేజీ రాస్తే చాలు, మిషన్ ఊరికి ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక జాగ్రత్త, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాత బాప్తిస్మ రిజిస్టర్‌లోని పేర్లు, ఇంటిపేర్లు యథాతథంగా సావనీర్‌లో అచ్చువేయొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సి కింద పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కుటుంబాలు ఈ ఇరుకులోనే బతుకుతున్నాయి, సర్టిఫికెట్ గొడవల్లో అచ్చయిన కాగితం ఎవరి మీదకైనా ఆయుధం అవుతుంది. ఈ నిబంధన అన్యాయమని నా అభిప్రాయం, ప్రార్థన చేసే చోటు మారితే ఊరు వేసే ముద్ర మారదు కదా. అయినా మీ సావనీర్ వల్ల ఎవరి పిల్లల సీటూ పోకూడదు. రెండు తరాల కిందటి పెద్దల పేర్లు కూడా వారసుల అనుమతి తీసుకుని, ఇప్పటి కుటుంబాలతో కలపకుండా రాయండి. రిజిస్టర్ కాపీ సంఘం దగ్గర భద్రంగా ఉంచితే చాలు, ఫేస్‌బుక్‌లో పెట్టడం అసలే వద్దు.

కులం గురించి కూడా దాచొద్దు. మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి, ఒక్కో ప్రాంతంలో ఒక్కో కులం ముందు కదిలింది, దానితో ఒక మిషన్ మాల సంఘంగా, ఇంకోటి మాదిగ సంఘంగా స్థిరపడిపోయింది. ఇవాళ్టికీ ఒకే ఊళ్లో మాలపల్లెలో, మాదిగపల్లెలో రెండు చర్చిలు, రెండు శ్మశానాలు కనిపిస్తాయి. పేరయ్య నడిచిన దారిలో పుట్టిన సంఘాలు ఆ గీతను దాటలేకపోవడం నాకు చాలా బాధ. మీ ఊళ్లో రెండో చర్చి ఉంటే వాళ్ల పెద్దలను కూడా కలవండి, మీ చరిత్రలో వాళ్లకు ఒక పేరా ఇవ్వండి. అలాగే తర్వాతి కాలంలో పుట్టిన బైబిల్ మిషన్, హెబ్రోను, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలను "మా నుంచి విడిపోయినవాళ్లు" అని ఒక్క మాటలో తోసేయొద్దు, విడిపోవడానికి కారణం చాలాచోట్ల మన ఎలక్షన్లు, ఆస్తి తగాదాలే. తగాదా జరిగి ఉంటే ఏడాది రాసి, విడిపోయారని రాసి, ఎవరిది తప్పో మాత్రం తేల్చకండి, సావనీర్ దానికి చోటు కాదు.

రాసే క్రమం విషయానికి వస్తే, "మా సంఘ చరిత్ర" అని దొర ఫొటోతో మొదలుపెట్టకుండా మొదట నమ్మిన ఇంటి నుంచి మొదలుపెట్టండి, తర్వాత పాకబడి, తర్వాత ఊరితో వచ్చిన గొడవ, బోధకులు, బైబిల్ ఉమెన్, అప్పుడు రాతి గుడి, అక్కడ దొర పేరు. ఆయన చేసిన మేలును తగ్గించమని కాదు, దేశం కాని దేశంలో పిల్లలను పాతిపెట్టుకుని కూడా ఉండిపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు, కృతజ్ఞతగా రాయండి, ఆయన వంతు ఎంతో అంత రాయండి. పాస్టర్ల జాబితా చివర్లో ఒక పట్టికగా పెట్టేస్తే చాలు. మీరు చెప్పినట్టు పండుగకు ఇంకా పది నెలలుంటే, మొదటి రెండు నెలలు అవ్వల దగ్గర రికార్డింగులకే కేటాయించండి. అట్లాంటాకు ఈమెయిల్ ఈ వారమే పంపండి, వాళ్లు జవాబివ్వడానికి టైం పడుతుంది. పునాది రాయి ఫొటో, రిజిస్టర్ మొదటి పేజీ ఫొటో తీసి పేర్లు కనిపించకుండా చేసి నాకు పంపితే, అది ఏ ఫీల్డ్ కింద ఉండేదో, కనిగిరి ఫీల్డా పొదిలి ఫీల్డా, చూసి చెప్తాను.